బ్యాళ్లు ఉడకని సోమవారం

ఎనిమిదో విజిల్ కూడా అయ్యాక నాగరత్నమ్మ కుక్కరు దించింది. ఆవిరి పోయేదాకా ఆగి, మూత తీసి, గరిటె కొసన నాలుగు కందిపప్పు బ్యాళ్లు తీసుకుని బొటనవేలితో నలిపింది. నలగలేదు. ఒకటి రెండు ముక్కలుగా విరిగింది, అంతే.

పుంగనూరులోని ఈ పట్టు కంపెనీ క్యాంటీన్‌లో ఆమె పదకొండేళ్లుగా వండుతోంది. ఏనాడూ నాలుగో విజిల్ దాటనివ్వలేదు. కంది సంచీలో చెయ్యి పెట్టి చూసింది. మొన్నటి సంచే. కుక్కరు రబ్బరు చూసింది. మంట చూసింది. చివరికి కొళాయి తిప్పి, దోసిలి పట్టి ఒక గుక్క తాగింది. నీళ్లు నాలుక మీద బరువుగా అనిపించాయి. మొన్నటి నీళ్లు కావివి.

ఎవరికైనా చెప్పాలనిపించింది. వెంటనే, చెబితే ఏమవుతుందో కూడా అనిపించింది. పోయినేడు గ్యాసు పొయ్యి సరిగా మండడం లేదని చెప్పినందుకు, అంతకుముందు ఆరునెలలూ గ్యాసు ఎక్కువ ఎందుకు అయిందని తననే అడిగారు. ఇప్పుడు నీళ్లు బాగాలేవంటే, ఇన్నాళ్లూ ఎట్లా వండావంటారు. వంట మనిషికి వయసు మీద పడిందంటారు. అది పోయి పోయి కూతురి మీద పడుతుంది. నాగరత్నమ్మ ఆలోచన ఎప్పుడూ అంతే. ఒక మెట్టు దిగిందంటే అడుగుదాకా ఆగదు.

కూతురు ప్రసన్నలక్ష్మి ఇదే కంపెనీలో ఆఫీసు ఉద్యోగానికి చేరి ఆరునెలలు కావస్తోంది. ఆరునెలలు పరీక్ష. అది ఈ శనివారంతో ముగుస్తుంది. శనివారం మదనపల్లె పెద్దాఫీసు నుంచి మునిరాజు గారు వచ్చి, ఉంచుకోవడమో పంపించడమో తేలుస్తారు.

ప్రసన్నకు అప్పజెప్పిన పని వింతపని. కంపెనీకి మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో మూడు యూనిట్లున్నాయి. మూడుచోట్లా పట్టుగూళ్లు ఉడకబెట్టి దారం తీస్తారు. ఒకచోట కష్టపడి నేర్చుకున్నది ఇంకొకచోట తెలియదు, మళ్లీ మొదటి నుంచి దెబ్బలు తింటారు. అందుకని పుంగనూరులో పాత సామాను గది ఒకటి ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, ఒక బెంచీ, గోడకు పెద్ద తెల్ల బోర్డు పెట్టించింది ప్రసన్న. ఎవరైనా సరే, ఆ రోజు పనిలో కొత్తగా తెలిసింది గానీ చెడింది గానీ ఆ బోర్డు మీద రాయాలి. దాన్ని ఫోటో తీసి మూడు యూనిట్ల పనివాళ్లున్న ఫోన్ గ్రూపులో పెడతారు. గ్రూపులో మేనేజర్లను కలపలేదు, కలిపితే ఎవరూ నోరు తెరవరని.

కలపకపోయినా ఎవరూ తెరవలేదు. నెల రోజులుగా బోర్డు మీద ఒక్కటే రాత ఉంది. "ఇక్కడ ఉమ్మరాదు."

"నువ్వన్నా ఏదో ఒకటి రాయి మా," అంది ఆ ఉదయం ప్రసన్న, టీ గ్లాసు తీసుకుంటూ.

"నేనేం రాసేది. ఉప్పు ఎంతేసినానో రాసేదా?"

"అదే రాయి. బోణీ అయినా అవుతాది."

"నువ్వు కూడా ఊరికే అందర్నీ రాయమని ఎంటబడొద్దు మే. చెడింది రాయమంటే ఎవురు రాస్తారు? రాసినోడి మెడకే సుట్టుకుంటాది."

మధ్యాహ్నం పప్పు పళ్లేల్లోకి వెళ్లింది. అరవై మందిలో కొందరు తిన్నారు, కొందరు పక్కకు నెట్టారు. యూనిట్ మేనేజరు నారాయణప్ప ముద్ద నోట్లో పెట్టుకుని ఆగి, ఆమె వైపు చూశాడు.

"నాగరత్నమ్మా, ఇది పప్పా, గులకరాళ్లా? కూతురు ఆఫీసులో కుర్చీ ఎక్కినాక అమ్మకు పొయ్యి మింద ద్యాస తప్పినట్లుండాదే."

నలుగురు నవ్వారు. వెనక బెంచీలో తింటున్న ప్రసన్న తల వంచుకుంది. నాగరత్నమ్మకు ఆ వంచుకున్న తల ఒక్కటే కనిపించింది. సాయంత్రం ఇంటికి పోతూ శెట్టి అంగట్లో వంటసోడా పొట్లం కొనుక్కుని కొంగున ముడేసుకుంది.

*

మంగళవారం పప్పు వెన్నలా ఉడికింది. బుధవారం నారాయణప్ప రెండోసారి వేయించుకున్నాడు. నాగరత్నమ్మకు గుండె కుదుటపడింది. గండం ఒకటి గడిచింది, ఇక శనివారం ఒక్కటి గడిస్తే చాలు అనుకుంది.

కానీ దారం తీసే రీలింగ్ షెడ్డులో మాటలు తగ్గిపోయాయి. టీ బకెట్టు పట్టుకుని వెళ్లినప్పుడు ఆమె అది గమనించింది. మామూలుగా అక్కడ ఆడవాళ్ల కబుర్లు యంత్రాల చప్పుడు కంటే ఎక్కువగా ఉంటాయి. ఇప్పుడు ఒక్కొక్కరూ తమ బేసిన్ మీదికి వంగి ఉన్నారు. వేడినీళ్లలో తెల్లగూళ్లు తేలుతున్నాయి. బ్రష్‌తో తట్టి దారం కొస పట్టుకుని పైకి ఇస్తారు, అది సాలెపోగులా సాగి చక్రం మీదికి పోతుంది. ఇప్పుడు అది పోవడం లేదు. జానెడు సాగి తెగుతోంది. మళ్లీ కొస వెతకాలి, మళ్లీ ఇవ్వాలి. మళ్లీ తెగుతుంది.

ఆ షెడ్డులో అన్నమ్మను మించిన చెయ్యి లేదు. ఇరవై రెండేళ్ల పని. మాట్లాడుతూ మాట్లాడుతూ, చూడకుండానే ఏ గూడు అయిపోవచ్చిందో వేలికొసతో తెలుసుకుని కొత్తది కలిపేస్తుంది. కొత్తగా చేరినవాళ్లను నారాయణప్ప ఆమె పక్కనే కూర్చోబెడతాడు. బుధవారం ఆ అన్నమ్మ చక్రం కూడా ఆగి ఆగి తిరిగింది.

గురువారం టీ వేళకు అన్నమ్మ తన చోట లేదు. షెడ్డు చివర, చెడ్డగూళ్లు ఏరే చాప మీద, చేరి నెల కాని ఆడపిల్లల మధ్య కూర్చుని ఉంది.

"ఇదేంది అన్నమ్మా, ఈడ కూసున్నావు?"

"ఈడ కూసోమన్నారు." అన్నమ్మ తలెత్తలేదు. మరక పడిన గూడొకటి తీసి పక్కన వేసింది. "మదనపల్లె వాళ్లు దారం ఎవురి కాడ తెగతాండాదని అడిగినారంట. నారాయణప్ప నా పేరు రాసి పంపినాడు. వయసైంది, చెయ్యి వణకతాండాది అని."

"నీ చెయ్యి వణకతాండాదా?"

అన్నమ్మ చేతులు చాచి చూపింది. రోజంతా వేడినీళ్లలో నాని నాని తెల్లబడిపోయిన వేళ్లు. అవి వణకడం లేదు. కానీ ఆమె వాటిని ఎవరివో చేతుల్లాగా చూసుకుంటోంది.

"ఇన్నేండ్లూ గూళ్లు నా మాట ఇన్నాయి నాగరత్నా. ఈ నాలుగు దినాలుగా ఇనడంలే. ఆదివారం చర్చిలో బాగనే ఉండాను. సోమవారం పొద్దున నుంచే ఇట్ల. అంత దిడీర్న, ఒక్క పూటలోనే, ముసిలిదాన్ని అయిపోయినానేమో. అట్ల కూడా అవతారేమోలే." టీ గుటక వేసి, ఎందుకో చిన్నగా నవ్వింది. "నీ చెయ్యి మాత్రం తిరిగింది సూడు. పప్పు నెయ్యి మాదిరి ఉండాది."

నాగరత్నమ్మ బకెట్టు తీసుకుని గబగబా వచ్చేసింది. వెనక్కి తిరిగి చూడలేదు.

*

ఆ సాయంత్రం ప్రసన్న ఇంట్లో నేల మీద కాగితాలు పరుచుకుని కూర్చుంది. బయట ఇంకా వెలుతురు ఉంది. నాగరత్నమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"గూళ్ల లాట్ మార్చి సూసినాము. ఆవిరి సూసినాము. బ్రష్‌లు కొత్తవి ఇచ్చినాము," అంది ప్రసన్న, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "ఒక్క అన్నమ్మక్కకే కాదు మా. పద్దెనిమిది బేసిన్లలోనూ తెగతాండాది. ఆయమ్మ పేరే యాల రాసినారు? అందరి కంటే ఆయమ్మ దారం ఎక్కువ కాబట్టి, తగ్గినేది కూడా ఆయమ్మదే ఎక్కువగా కనపడతాది."

"నువ్వు దాంట్లో దూరొద్దు. శనివారం దాకా మాట్లాడకుండా కమ్మున ఉండు."

"శనివారం ఆయప్ప వచ్చి బోర్డు సూస్తే ఉమ్మరాదు అనే ఉంటాది మా. నెల దినాలు గది పెట్టి, గోడకు సున్నం కొట్టించినాను అని చెప్పుకోవల్ల." ఆమె కాగితం మీద వేలు పెట్టింది. "సోమవారం పొద్దున. పద్దెనిమిది మందికీ అప్పుడే మొదలైంది. సోమవారం ఏదో మారింది. ఏం మారిందో తెలిసినోళ్లు ఈ కంపెనీలో ఒక్కరన్నా ఉంటారు కదా?"

నాగరత్నమ్మ చేతిలో చిక్కుడుకాయ విరిగింది. ఈనె రాలేదు.

చెప్పేయొచ్చు. ఇప్పుడే, ఈ గుమ్మంలోనే. కానీ చెబితే కూతురు ఊరుకోదు, బోర్డు మీద రాస్తుంది. నారాయణప్ప ముందు తననే అడుగుతాడు, నాలుగు రోజులు ఎందుకు దాచావని. సోడా వేసి అరవై మందికి పెట్టావా అంటాడు. తల్లి దాస్తుంది, కూతురు చెప్పమని అందర్నీ అడుగుతుంది, మంచి సంసారమే అని నవ్వుతారు. శనివారం ఇద్దరినీ కలిపి పంపిస్తారు. అదంతా ఆమెకు జరిగిపోయినట్టే కనిపించింది, గేటు దగ్గర వాచ్‌మన్ మొహంతో సహా.

"చిక్కుడుకాయలు ముదురు," అంది.

మర్నాడు శుక్రవారం ఎప్పటికంటే గంట ముందు బయల్దేరింది. చేతిలో ఇంటి కొళాయి నీళ్ల బిందె ఉంది. అంతదూరం మోసుకుపోతుంటే దారిలో ఇద్దరు ఎందుకని అడిగారు. నీళ్లు రావేమోనని భయం అంది. అందరికీ ఆమె సంగతి తెలుసు, నమ్మారు.

రెండు చిన్న గిన్నెలు పక్కపక్క పొయ్యిల మీద పెట్టింది. ఒకదాంట్లో ఇంటి నీళ్లు, ఒకదాంట్లో కంపెనీ నీళ్లు. రెంటిలోనూ అదే సంచీ నుంచి తలా ఒక గుప్పెడు బ్యాళ్లు వేసింది. సోడా వేయలేదు. స్టూలు మీద కూర్చుని, రెండు గిన్నెల్నీ ఇద్దరు పిల్లల్ని చూసినట్టు మార్చి మార్చి చూసింది. ముప్పావు గంటకు ఇంటి నీళ్లలోవి విచ్చుకుని, గరిటె తగిలితే కలిసిపోయాయి. కంపెనీ నీళ్లలోవి వేసినవి వేసినట్టే అడుగున కూర్చున్నాయి.

బ్యాళ్లను ఉడకనివ్వని నీళ్లు గూటిని మాత్రం ఉడకనిస్తాయా? గూడు సరిగా ఉడక్కపోతే కొస ఎట్లా వదులుతుంది? ఇంత చిన్న సంగతి సోమవారమే తన నోట్లో ఉంది. సోడాతో తనే దాన్ని మూసిపెట్టింది. పప్పు రాయిలా ఉందని ఇంకో రెండు రోజులు అందరూ తిట్టి ఉంటే, ఎవరో ఒకరికి నీళ్లమీదికి బుద్ధి పోయేది. అన్నమ్మ తన చేతుల్ని అట్లా చూసుకునేది కాదు.

బోర్డున్న గదిలో ఎవరూ లేరు. మార్కరు మూత తీయడానికి చాలాసేపు పట్టింది. ఏడో తరగతి తర్వాత ఆమె సంతకం, సరుకుల చీటీ తప్ప ఏదీ రాయలేదు. బోర్డు మీద అక్షరాలు పైకి పాకాయి, దిగాయి. కింది వరుస దగ్గరికి వచ్చేసరికి చోటు చాలక చిన్నవయ్యాయి.

"సోమవారం నుంచి మన నీళ్లల్లో బ్యాళ్లు ఉడకలేదు. ఈపొద్దు ఇంటి నీళ్లల్లో ఉడికినాయి. నాకు సోమవారమే తెలుసు. నేను సోడా వేసి తెలియనీయలేదు. అన్నమ్మ చేతుల్లో తప్పు లేదు."

అక్కడితో ఆపి గుమ్మందాకా వచ్చింది. మళ్లీ వెనక్కి వెళ్లి కింద పేరు రాసింది.

*

ఎనిమిదిన్నరకు షిఫ్టు గంట కొట్టారు. నాగరత్నమ్మ వంటింట్లో, గోడకు ఆనుకుని, వచ్చే అడుగుల చప్పుడు వింటూ ఉల్లిపాయలు తరిగింది. ఎవరైనా అరుస్తూ వస్తారనుకుంది. ఎవరూ రాలేదు. దాంతో ఇంకా భయమేసింది. కిటికీలోంచి చూస్తే గది ముందు పదిమంది గుంపుగా ఉన్నారు. ప్రసన్న ఫోటో తీస్తోంది. ఆమె మొహం కనిపించలేదు.

కాసేపటికి కరెంటు పనిచేసే సాయికుమార్ వంటింటి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో మార్కరు ఉంది.

"అక్కా, నీ రాత కింద నేనూ ఒకటి రాసినా. పాత బోరు నీళ్లు తగ్గినాయని ఆదివారం సాయంత్రం మోటరు కొత్త బోరుకు మార్చింది నేనే. తొమ్మిది వందల అడుగులు. ఎవరూ అడగలే, నేను చెప్పలే." తల గోక్కున్నాడు. "నాలుగు దినాలుగా ఆ షెడ్డులోనే ట్యూబులైట్లు మారస్తాండా అక్కా. దారం తెగేది కండ్లారా సూస్తానే ఉండా. రెంటికీ ముడి తగల్లే."

పది గంటలకు కుప్పం నుంచి ఫోను వచ్చింది. అక్కడ బాయిలరు చూసే తిమ్మప్ప. ప్రసన్న ఫోను బెంచీ మీద పెట్టి అందరికీ వినిపించేలా చేసింది.

"ఎవురమ్మా ఆ పప్పు రాసింది? మాకు పోయిన ఎండాకాలం ఇదే కత. లోతు బోరు నీళ్లు. తొమ్మిది దినాలు ఏడ్చినాం. ఇద్దర్ని పని నుంచి పక్కన కూడా పెట్టినాం, పాపం. చివరికి చెరువు నీళ్ల ట్యాంకరు తెచ్చి సగానికి సగం కలిపినాక దారం నిలిచింది. ఎంతకెంత కలపల్లో అంతా నీటుగా రాసి పెట్టినాం."

"యాడ రాసి పెట్టినావు తిమ్మప్పన్నా?" అంది ప్రసన్న.

"మా బీరువాలో."

గదిలో అందరూ నవ్వారు. కుప్పంలో తిమ్మప్ప కూడా కాస్త ఆగి నవ్వాడు.

మధ్యాహ్నానికి ట్యాంకరు వచ్చింది. తిమ్మప్ప బీరువాలోని కాగితం ఫోటోగా వచ్చింది. నీళ్లు కలిపారు, బేసిన్లు కడిగి నింపారు. మొదట ఎవరు కూర్చోవాలని ఎవరూ అడగలేదు. ఆడవాళ్లే చాప దగ్గరికి వెళ్లి అన్నమ్మను లేపుకొచ్చారు. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని, కూర్చుని, బ్రష్‌తో గూళ్లను రెండుసార్లు తట్టి కొస అందుకుంది. జానెడు సాగింది. మూరెడు సాగింది. చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది. కొంతసేపయ్యాక అన్నమ్మ, దారం వైపు చూడకుండానే, పక్క బేసిన్ ఆమెతో మాట్లాడడం మొదలుపెట్టింది.

సాయంత్రం టీ ఇవ్వడానికి నాగరత్నమ్మ గదిలోకి వెళ్లేసరికి నారాయణప్ప అక్కడ ఉన్నాడు. ప్రసన్న చేతికి తడిగుడ్డ ఇస్తున్నాడు.

"ఆ సోడా మాట ఒకటి తుడిచెయ్ తల్లీ. కొత్త బోరు, ట్యాంకరు, అయ్యి ఉండనీ. ఆ అన్నమ్మ మాట కూడా తీసెయ్. రేపు మునిరాజు సారు వస్తాడు, మనింటి గుట్టు ఆయప్పకు యాల? నీ మంచికే చెప్తాండా. సోడా వేసింది మీ అమ్మ అని తెలిస్తే నీ కాగితం మీద సంతకం పడతాదా?"

ప్రసన్న గుడ్డ పట్టుకుని నిలబడింది. నారాయణప్ప అన్నది తప్పు కాదు. నాగరత్నమ్మ నాలుగు రోజులుగా అనుకుంటున్నదీ అదే, మాటమాటా అదే. కూతురి చెయ్యి బోర్డు వైపు లేవలేదు, కిందికీ దిగలేదు. ఆ పిల్ల తల్లి మొహం చూస్తోంది.

"ఉండనీండి సార్," అంది నాగరత్నమ్మ.

"నీకు తెలీదు నాగరత్నమ్మా..."

"నాకు తెలిసి నాలుగు దినాలు చెప్పలేదు. ఆ మాట తీసేస్తే ఇంక ఆడ ఉండేది నీళ్ల సంగతే. మనుషుల సంగతి ఉండదు. రాసింది నేను, నా పేరు పెట్టి రాసినా. పని పోతే నాది పోతాది."

చేతిలోని టీ గ్లాసు నారాయణప్ప ముందు పెట్టింది. మాట బయటికి వచ్చేసింది, ఇక లోపలికి పోదు. ప్రసన్న తడిగుడ్డను మడిచి బెంచీ మీద పెట్టింది.

*

శనివారం పదకొండుకు మునిరాజు వచ్చాడు. బట్టతల, నలిగిన చొక్కా, చేతిలో చిన్న నోటుబుక్కు. బోర్డు ముందు నిలబడి పై నుంచి కిందికి చదివాడు. "ఉమ్మరాదు" దగ్గర కూడా ఆగాడు. నాగరత్నమ్మను పిలిపించారు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం ఇవతలే నిలబడింది.

"ఈ నాగరత్నమ్మ ఎవరు?"

"వంటామె సార్," అన్నాడు నారాయణప్ప.

"మా అమ్మ సార్," అంది ప్రసన్న. తల వంచుకోలేదు.

మునిరాజు గుమ్మం వైపు తిరిగాడు. "సోమవారమే తెలిసిందా మీకు?"

"తెలిసింది సార్."

"మరి యాల చెప్పలేదమ్మా?"

"చెడింది ముందుగా చెప్పినోళ్లే చెడగొట్టినట్లు సూస్తారు సార్. నాకు నా బిడ్డ ఉద్యోగం భయం."

ఆయన నోటుబుక్కు తెరిచి ఒక కాగితం బయటికి తీశాడు. "నారాయణప్పా, గురువారం నువ్వు నాకు అన్నమ్మ పేరు పంపినావు. నీళ్లు మారిన సంగతి పంపలేదు."

"నాకు తెలీదు సార్. మీరు పేరు అడిగినారు, పేరు పంపినా."

"అవును, పేరే అడిగినాను. తప్పు నాది కూడా." కాగితాన్ని రెండుగా చించి జేబులో పెట్టుకున్నాడు. "తెలిసినామె నీ కుర్చీకి ముప్పై అడుగుల్లో వండతాండాది. ఆ కొంచెం దూరం నుంచి మాట రావడానికి అయిదు దినాలు పట్టింది. సోడా వేసింది బాగాలేదమ్మా, ఇంకెప్పుడూ ఎయ్యొద్దు. పప్పు ఉడక్కపోతే ఉడకని పప్పే పెట్టండి. రోజూ పొద్దున ఈ బోర్డు మీద మొదటి వరుస వంటింటిది. నీళ్లు ఎట్ల ఉండాయో మీరు రాసినాకే షెడ్డు మొదలు కావల్ల." ప్రసన్న వైపు చూశాడు. "నీ కాగితం మీద సంతకం చేస్తాను. మదనపల్లెలో, కుప్పంలో కూడా ఇట్లాంటి గదులు నువ్వే పెట్టించల్ల. బోర్డు కొంచెం కిందికి దించు, మీ అమ్మకు పై వరుస అందదు."

ప్రసన్న సరే సార్ అంది. నాగరత్నమ్మకు వెంటనే కుప్పం ఎంత దూరమో, బస్సులు ఎట్లా తోలుతారో గుర్తొచ్చాయి. కానీ వాటి వెనక, వాటిని పక్కకు జరుపుకుంటూ ఇంకొకటి వస్తోంది. మూడు ఊళ్ల కంపెనీ. ఒక పెద్దమనిషి. తన కూతురు. ఆ మూడింటినీ ఒక్కచోట పెట్టి చూసుకోవడం ఆమెకు అలవాటు లేదు. చూసుకుంది.

పన్నెండున్నరకు వడ్డన. పళ్లేలు పట్టుకుని వరుస కట్టారు. అప్పుడే ప్రసన్న ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"మా, గ్రూపులో నీకోసం ఒక మాట వచ్చింది. ఇను."

ఒక ఆడగొంతు. ఎక్కడో వంటింట్లోంచే, వెనక గిన్నెల చప్పుడు. "పుంగనూరు అక్కా, మీ రాత సదివించుకుని ఇన్నా. నేను కుప్పంలో వండేది. మా కాడ మూడు దినాలుగా అన్నం పసుప్పచ్చగా వస్తాండాది. బియ్యం పాతవేమో అంటారని ఎవురికీ చెప్పలే. మీకైతే చెప్పొచ్చు కదా అని."

నాగరత్నమ్మ ఎప్పుడూ ఫోనులో ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఫోను మోగితే ఎవరికి ఏమైందోనని ముందు గుండె పట్టుకునే మనిషి. పసుపు అంటిన వేళ్లతోనే ఫోను తీసుకుంది. ఎక్కడ నొక్కాలో కూతురు చూపించింది.

"నీ పేరేంది తల్లీ? ముందు నీ పేరు చెప్పు. భయమేస్తాది, నాకూ ఏసింది. కొళాయి నీళ్లు ఒక గిన్నెలో, ఊరి చెరువు నీళ్లు ఒక గిన్నెలో పోసి, తలా ఒక గుప్పెడు బియ్యం ఎయ్యి. రెండూ పక్కపక్కనే పెట్టు, పక్కనే కూసో, ఆడాడ తిరగొద్దు..."

వరుసలో ఎవరో చెంచాతో పళ్లెం మీద కొట్టారు. నారాయణప్ప అయ్యుండాలి. నాగరత్నమ్మ అటు తిరగకుండానే చెయ్యి ఎత్తి, ఆగమని చూపింది. అరవై మందీ ఆగారు. ఆమె చెప్పాల్సిందంతా చెప్పాకే అన్నం మూత తీసింది.